టైటాన్స్ ఎవరిని తీసుకుంటారు?

ఉగాది నాడు ధర్మపురి గుడిలో పంచాంగం విన్నవాళ్లు ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని లెక్క తెలుసుకుని ఇంటికి పోతారు. ఏడాది గడిచాక ఆ అంకెలు పట్టుకుని సిద్ధాంతిగారిని నిలదీసిన మనిషిని మాత్రం నేనెరగను. ప్రో కబడ్డీ వేలానికి ముందు చెప్పే జోస్యానికి ఆ వెసులుబాటు లేదు. 2025లో వేలం మే 31న, శనివారం మొదలైంది. పొద్దున చెప్పినది నిజమో అబద్ధమో ఆదివారం రాత్రికల్లా తేలిపోయింది.

అయినా చెప్పేవాళ్లు తగ్గరు. గోదావరి ఒడ్డు ఊళ్లలో ఇసుక మీద కూతకు పోయినవాళ్లు, మోకాలు దెబ్బతిని ఆట మానేసి టీవీ ముందు కూర్చున్నవాళ్లు, అసలు బరిలోకే దిగనివాళ్లు, అందరికీ తెలుగు టైటాన్స్ గురించి ఒక జాబితా ఉంటుంది. "కాకా, మనోళ్లు ఈసారి ఎవల్ని గొంటరే?" "పవన్‌ను ఇడిసిపెడుతరారా? కార్డు ఏస్తరు సూడు." హోటల్లో చాయ్ చల్లారేలోపు ఆరుగురు రైడర్లు, నలుగురు డిఫెండర్లు ఖాయమైపోతారు. ఇది వట్టి కాలక్షేపమా, ఆటను లోతుగా చదవడమా అన్న దాని మీద రెండు వైపులా చెప్పడానికి చాలా ఉంది.

ఈ అలవాటు అమెరికాలో పెద్ద వ్యాపారం. అక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లు ఏటా ఏప్రిల్‌లో కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా, ఏడు రౌండ్లలో ఎంచుకుంటాయి. కిందటి సీజన్‌లో అందరికంటే అధ్వానంగా ఆడిన జట్టుకు మొదటి వంతు. ఏ జట్టు ఎవరిని తీసుకుంటుందో చెప్పే జాబితాలు నెలల ముందు నుంచే వస్తాయి. 2025లో మొదటి వంతు టెన్నెసీ టైటాన్స్‌ది. అక్కడా టైటాన్సే, అక్కడా అడుగు వరసే: 17 మ్యాచ్‌ల్లో 3 గెలుపులు. మయామీ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ క్యామ్ వార్డ్‌ను తీసుకుంటారని దాదాపు అందరూ చెప్పారు, తీసుకున్నారు. అదే డ్రాఫ్ట్‌లో షెడర్ సాండర్స్ అనే మరో క్వార్టర్‌బ్యాక్ మొదటి రౌండ్‌లోనే పోతాడని చాలామంది రాశారు. అతను ఐదో రౌండ్ దాకా మిగిలిపోయి, 144వ ఎంపికగా క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్‌కు వెళ్లాడు. మొదటి వంతు వాడి మనసు చదవడం తేలికే. ఒకరు కాదన్నాక ఇద్దరు, ఇద్దరు కాదన్నాక పదిమంది ఎందుకు కాదంటారో చెప్పడమే కష్టం.

మన కబడ్డీలో అంతకంటే చిక్కు. ఇక్కడ వంతులు లేవు, వేలం. 12 జట్లకూ తలా 5 కోట్ల రూపాయల సంచి. అట్టిపెట్టుకున్న ఆటగాళ్ల ఖర్చు అందులోంచే పోతుంది. ఓడిన జట్టుకు ముందు హక్కంటూ ఏమీ లేదు. తెలుగు టైటాన్స్ 8, 9, 10 సీజన్లలో వరసగా అట్టడుగున నిలిచారు. మూడు సీజన్లలో ఆడిన 66 లీగ్ మ్యాచ్‌ల్లో గెలిచినవి 5. అమెరికాలో అయితే మూడేళ్లూ మొదటి వంతు వీళ్లదే అయ్యేది, జోస్యం చెప్పేవాళ్ల పనీ సులువయ్యేది. ఇక్కడ టైటాన్స్ ఎవరిని కొంటారన్నది టైటాన్స్ చేతుల్లోనే పూర్తిగా ఉండదు. పక్క బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల సంచిలో ఎంత మిగిలింది, వాళ్ల కోచ్‌కు ఎవరి మీద మోజు, ఏ పేరు ఏ గంటకు వచ్చింది అన్నవి కూడా తేలుస్తాయి.

దాని మీద ఫైనల్ బిడ్ మ్యాచ్ కార్డు ఒకటి. తమ పాత ఆటగాడికి ఇంకో జట్టు పాడిన ఆఖరి ధరే తామూ ఇస్తామని చెప్పి వెనక్కి తెచ్చుకునే వీలు అది. 2018లో రాహుల్ చౌదరిని టైటాన్స్ అలాగే 1.29 కోట్లకు నిలుపుకున్నారు. మొదటి సీజన్ నుంచీ ఆ జట్టుకు ముఖం అతనే కాబట్టి ఆ జోస్యం ఎవరైనా చెప్పేవారు. మరుసటి ఏడాది అతన్ని 94 లక్షలకు తమిళ్ తలైవాస్‌కు పోనిచ్చి, సిద్ధార్థ్ దేశాయ్ మీద 1.45 కోట్లు పెట్టారు. అభిమానంతో జాబితా వేసుకున్నవాళ్లకు అది పెద్ద దెబ్బ.

జోస్యం పక్షాన మాట్లాడేవాళ్ల వాదనలో బలం ఉంది. ఎవరిని కొంటారో ఊహించాలంటే ముందు జట్టులో ఏం లేదో తెలియాలి. ఎడమ కార్నర్ ఖాళీగా ఉందా, మూడో రైడర్ లేడా, కోచ్ కుర్ర డిఫెండర్లను నమ్ముతాడా, సంచిలో ఎంత ఉంది. ఇవన్నీ లెక్క కట్టినవాడు మ్యాచ్ చూసే తీరే వేరు. రైడర్ బోనస్ తెచ్చినప్పుడు చప్పట్లు కొట్టడం వేరు, కవర్ డిఫెండర్ ఒక అడుగు ముందుకు వేసి గొలుసు ఎందుకు తెంపాడో గమనించడం వేరు. ఈ రెండో రకం చూపు వేలం లెక్కలు వేసేవాళ్లలో ఎక్కువ కనిపిస్తుందని ఒప్పుకోవాలి.

2023 అక్టోబరు వేలమే చూడండి. రైడర్ పవన్ సెహ్రావత్ కోసం ఎవరో ఒకరు సంచి గుల్ల చేసుకుంటారని ముందే అనుకున్నారు. టైటాన్స్ చేసుకున్నారు: 2 కోట్ల 60 లక్షల 50 వేలు, అప్పటికి లీగ్‌లో అదే రికార్డు. మొత్తం సంచిలో సగానికి పైగా ఒక్కడికే. ఆ రోజే కాగితం మీద లెక్క వేసినవాడు ఇక డిఫెన్స్‌కు డబ్బు మిగలదని చెప్పగలిగేవాడు. పవన్ ఆడలేదని కాదు. ఆ సీజన్‌లో రెండు వందలకు పైగా పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం 22 మ్యాచ్‌ల్లో 2 గెలిచింది. అతను కూత పెట్టి తెచ్చిన పాయింట్లను అవతలి రైడర్లు వచ్చి పట్టుకుపోయారు. ఈ ఫలితాన్ని ఊహించడానికి గ్రహబలం అక్కర్లేదు, తీసివేతలు వస్తే చాలు.

వ్యతిరేకంగా చెప్పేవాళ్లు సరిగ్గా ఇక్కడే పట్టుకుంటారు. "పవన్ టైటాన్స్‌కే" అని చెప్పినవాడి జోస్యం నిజమైంది కదా, అయితే ఏం ఒరిగింది? ఎవరిని కొంటారన్నది ఒక ప్రశ్న, కొంటే జట్టు బాగుపడుతుందా అన్నది ఇంకో ప్రశ్న. చాయ్ బల్ల మీద మొదటిది గెలిచినవాడు రెండోది కూడా గెలిచినట్టే మాట్లాడతాడు. పైగా గాయాన్ని ఏ జాబితా చెప్పగలదు? 2022లో తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకు కొన్న ఇదే పవన్ ఆ సీజన్ మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని వెళ్లిపోయాడు.

తర్వాతి రెండేళ్లు ఈ వాదనకు ఇంకా బలమిచ్చాయి. 2024లో టైటాన్స్ కార్డు వాడి పవన్‌ను 1.725 కోట్లకు వెనక్కి తెచ్చుకున్నారు. సీజన్ మధ్యలో అతను గాయపడ్డాక విజయ్ మాలిక్ భారం ఎత్తుకున్నాడు. జట్టు 12 మ్యాచ్‌లు గెలిచి ఏడో స్థానంలో ఆగింది, ప్లేఆఫ్స్‌కు ఒక్క మెట్టు దూరం. 2025 వేలంలో అందరి నోళ్లలో ఉన్న పేర్లు వేరు. ఇరాన్ ఆల్‌రౌండర్ మొహమ్మద్‌రెజా షాద్లూయి గుజరాత్ జెయింట్స్‌కు 2.23 కోట్లకు, ముందటి సీజన్‌లో రైడర్లందరినీ మించిన దేవాంక్ దలాల్ బెంగాల్ వారియర్స్‌కు 2.205 కోట్లకు పోయారు. టైటాన్స్ భరత్ హూడాను 81 లక్షలకు తెచ్చుకుని, విజయ్ మాలిక్‌ను 51.5 లక్షలకు కార్డు వేసి నిలుపుకున్నారు. పవన్ 59.5 లక్షలకు మళ్లీ తమిళ్ తలైవాస్‌కే వెళ్లాడు. ముందటి ఏడాది ధరలో అది సుమారు మూడో వంతు. కార్డు వేస్తారన్న కాకా మాట నెగ్గలేదు. జట్టు మాత్రం ఆ సీజన్‌లో క్వాలిఫయర్ 2 దాకా వెళ్లి పుణెరి పల్టన్ చేతిలో ఓడింది. పదేళ్లకు పైబడిన టైటాన్స్ చరిత్రలో అది మంచి ఏడాదుల్లో ఒకటి. అట్టహాసంగా కొన్న ఏడాది మునిగారు, గుట్టుగా కొన్న ఏడాది తేలారు. ఒక్క జట్టు అనుభవం చూసి సూత్రం రాసేయకూడదని నాకూ తెలుసు. షాద్లూయిని కొన్న జట్టే 2024లో కప్పు కొట్టింది, అప్పుడు హర్యానా స్టీలర్స్ అతనికి 2.07 కోట్లు పెట్టారు. డబ్బు తప్పు కాదు. ఆ డబ్బు పోయాక మిగతా ఆరుగురూ ఎవరన్నదే అసలు సంగతి.

క్రికెట్‌లోనూ ఇదే తీరు, దాని జోలికి ఎక్కువ పోను. హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మను 2022 ఐపీఎల్ వేలంలో సన్‌రైజర్స్ తీసుకుంటే బాగుండునని మనవాళ్లు కోరుకున్నారు. అతను 1.70 కోట్లకు ముంబై ఇండియన్స్‌కు పోయాడు. కోరికను జోస్యంగా పొరబడటం ఆట ఏదైనా మారదు.

జోస్యం డబ్బు పందెంగా మారినప్పుడు మాత్రం రెండు వైపులా తూచే పని నాకు లేదు. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే చట్టం సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ అలాంటి చట్టం తెచ్చింది. జాబితా సరదా అయినంత వరకే సరదా.

ఇక పెద్దగా ఎవరూ మాట్లాడని చోటు ఒకటి ఉంది. అమెరికా డ్రాఫ్ట్‌కు మన కబడ్డీలో నిజమైన చుట్టం వేలం కాదు, న్యూ యంగ్ ప్లేయర్ల ఎంపిక. పేరు లేని కుర్రాళ్లను జట్లు వెతికి తక్కువ జీతానికి తీసుకుని, తయారు చేసుకునే దారి అది. దబంగ్ ఢిల్లీకి 2018లో అలా వచ్చిన నవీన్ కుమార్ 7, 8 సీజన్లలో లీగ్ మొత్తానికీ అత్యుత్తమ ఆటగాడయ్యాడు, ఎనిమిదో సీజన్‌లో ఢిల్లీ కప్పు గెలిచింది. 2024 వేలంలో ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడల్లో ఫైనల్ ఆడిన రెండు జట్ల నుంచి 24 మంది కాలేజీ ఆటగాళ్లను కూడా జాబితాలో చేర్చారు. ఆ 24 మంది పేర్లు మన చాయ్ హోటల్లో ఎవరి నోట వినిపించాయి?

వ్యతిరేక పక్షం వాదనల్లో నాకు అన్నిటికంటే బలంగా తోచినది ఇదే. మన జోస్యాలన్నీ టీవీలో చూసిన పేర్ల చుట్టే తిరుగుతాయి. టైటాన్స్ పేరులో తెలుగు ఉంది, ఆట విశాఖలోనో గచ్చిబౌలిలోనో జరుగుతుంది. కూతకు వెళ్లే పెద్ద పేర్లు మాత్రం మొదటి నుంచీ ఎక్కువగా బిజ్నోర్, ఢిల్లీ, హర్యానా వైపువే. అందులో తప్పేం లేదు, హర్యానాలో కబడ్డీకి ఉన్న పునాది అలాంటిది. కానీ జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల నుంచి ఒక కుర్రాడు ఏదో ఒక జట్టు న్యూ యంగ్ ప్లేయర్‌గా వెళ్లవచ్చని, అతను ఫలానా అని ముందుగా చెప్పేవాడు కావాలి. అలా చెప్పాలంటే మండల స్థాయి పోటీలు, కాలేజీ మీట్లు చూడాలి. ఎవడి చీలమండ పట్టు గట్టిది, ఎవడు ఆఖరి నిమిషంలో డూ ఆర్ డై రైడ్‌కు పోయి వణకడు అని రాసుకోవాలి. ముంబైలో కూర్చున్న విశ్లేషకుడికి అందని సమాచారం అది, ధర్మపురిలో ఉన్నవాడికి అందుతుంది.

కాబట్టి నా మొగ్గు సగం సగం కాదు. పేర్లు ఊహించే జాబితా మీద నాకు పెద్ద గౌరవం లేదు. లోటు ఏమిటో, సంచిలో ఎంతుందో, ఆ ధరకు ఎలాంటివాడు దొరుకుతాడో రాసే జాబితాను శ్రద్ధగా చదువుతాను. అందులో ఊరి మైదానం నుంచి వచ్చిన పేరు ఒక్కటి ఉండి, అది తప్పిపోయినా నాకు పట్టింపు లేదు. పవన్ ఎటు పోతాడో సరిగ్గా చెప్పినవాడి కంటే ముందు ఆ మనిషి మాటే వింటాను.