‘అనుభవం’ అడిగేది ఎవరిని?

2001 జనవరిలో అమెరికాలోని డెట్రాయిట్ లయన్స్ ఫుట్‌బాల్ క్లబ్బు తన అధ్యక్షుడిగా, ప్రధాన కార్యనిర్వహణాధికారిగా మాట్ మిల్లెన్‌ను నియమించింది. ఆయన పేరున్న మాజీ ఆటగాడు, శ్వేతజాతీయుడు. ఆడిన జట్లతో కలిసి నాలుగుసార్లు సూపర్ బౌల్ గెలిచినవాడు. ఆట మానేశాక టీవీలో వ్యాఖ్యాతగా స్థిరపడ్డాడు. అప్పటివరకూ ఏ క్లబ్బు కార్యాలయంలోనూ ఉద్యోగం చేసి ఎరుగడు. ఆ పదవికి తనకు అర్హత లేదని యజమానితో తానే చెప్పినట్టు మిల్లెన్ తర్వాతి కాలంలో ఒప్పుకున్నాడు కూడా. అయినా కుర్చీ ఆయనకే దక్కింది.

అదే జనవరి నెలాఖరున బాల్టిమోర్ రేవెన్స్ జట్టు సూపర్ బౌల్ గెలిచింది. ఆ జట్టుకు ఆటగాళ్లను ఏరి కూర్చిన వ్యక్తి ఓజీ న్యూసమ్, నల్లజాతీయుడు. ఆయనా గొప్ప ఆటగాడే. కానీ ఆట విరమించాక 1991లో కొత్త ఆటగాళ్లను వెతికే స్కౌట్‌గా కిందిమెట్టు నుంచి మొదలుపెట్టాడు. 1996లో బాల్టిమోర్‌కు తరలివచ్చిన ఆ జట్టు చేసిన మొట్టమొదటి ఎంపికలోనే జోనథన్ ఆగ్డెన్, రే లూయిస్‌లను తెచ్చిపెట్టాడు. తర్వాత ఇద్దరికీ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కింది. పదేళ్ల అనుభవమూ, చేతిలో ఒక కప్పూ ఉన్న ఈ మనిషికి జనరల్ మేనేజర్ అనే హోదా 2002లో గానీ రాలేదు. 1920లో పుట్టిన ఆ లీగ్‌లో ఆ హోదా పొందిన తొలి నల్లజాతీయుడు ఆయనే.

ఈ రెండు నియామకాలను పక్కపక్కన పెట్టి చూడమని పాఠకులను కోరుతున్నాను. కులం గురించి చర్చించే ఈ పుటలో అమెరికా ఆటల సంగతి దేనికని కొందరికి అనిపించవచ్చు. ‘అర్హులైన, అనుభవజ్ఞులైన అభ్యర్థులు దొరకడం లేదు’ అన్న వాక్యం ఎక్కడ వినబడినా నాకు డెట్రాయిటే గుర్తొస్తుంది. కారణం చివర చెబుతాను.

ముందు ఆ రంగం గురించి రెండు మాటలు. మనం ఫుట్‌బాల్ అనే ఆట కాదది. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతపట్టి పరుగెత్తే ఆట. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో 32 జట్లున్నాయి. ఆటగాళ్లలో సగానికి మించి నల్లజాతీయులు. ఏ జట్టులోనూ ప్రధాన యాజమాన్య వాటా నేటివరకు ఏ నల్లజాతీయుడి చేతికీ రాలేదు. మైదానానికీ యజమానికీ నడుమ ఉండేది క్లబ్బు కార్యాలయం. ఎవరిని కొనాలి, ఎవరిని వదులుకోవాలి, ఎవరికి ఎంత ఇవ్వాలి, శిక్షకుడిగా ఎవరిని పెట్టాలి అన్నవి నిర్ణయించేది జనరల్ మేనేజర్, ఆయన కింది అధికారులు. ఒంటితో చేసే పని ఒకరిది, ఆ ఒంటికి విలువ కట్టే పని మరొకరిది. ఈ పని విభజన మన పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు.

2002లో జానీ కోక్రాన్, సైరస్ మెహ్రీ అనే ఇద్దరు న్యాయవాదులు ఒక నివేదిక విడుదల చేశారు. నల్లజాతి శిక్షకులు సగటున ఎక్కువ మ్యాచ్‌లు గెలిపిస్తున్నా వారిని ఆలస్యంగా తీసుకుంటున్నారనీ, త్వరగా తొలగిస్తున్నారనీ అందులో లెక్కలతో చూపించారు. కోర్టుకు ఈడుస్తామన్న హెచ్చరిక కూడా దాని వెంట ఉంది. దాంతో లీగ్ దిగివచ్చి, పిట్స్‌బర్గ్ జట్టు యజమాని డాన్ రూనీ పేరు మీద ఒక నియమం తెచ్చింది. ప్రధాన శిక్షకుడి పదవి ఖాళీ అయితే కనీసం ఒక మైనారిటీ అభ్యర్థినైనా ఇంటర్వ్యూ చేయాలన్నది ఆ నియమం. తీసుకోవాలని కాదు, పిలిచి మాట్లాడాలని మాత్రమే. మన 16(4) అధికరణంతో పోలిస్తే ఇది ఎంత పలుచని హామీయో గమనించండి.

ఆ పలుచని హామీని కూడా మొదట ఉల్లంఘించినది మిల్లెన్ గారి డెట్రాయిటే. 2003లో ఆయన స్టీవ్ మరియూచీని శిక్షకుడిగా తీసుకున్నాడు. ఒక్క మైనారిటీ అభ్యర్థిని కూడా ఇంటర్వ్యూ చేయలేదు. ఐదుగురిని పిలిచాం, వారే రాలేదని క్లబ్బు సమర్థించుకుంది. ఎందుకు వస్తారు? ఉద్యోగం ఎవరికో ముందే తేలిపోయిందని ఊరంతటికీ తెలుసు. లీగ్ మిల్లెన్‌కు 2 లక్షల డాలర్ల జరిమానా విధించింది. ఆ నగరంలో అత్యధికులు నల్లజాతి ప్రజలన్నది గుర్తుంచుకుంటే ఈ ఉదంతం మరింత చేదుగా ఉంటుంది.

రూనీ నియమం జనరల్ మేనేజర్ వంటి కార్యాలయ పదవులకు విస్తరించింది 2009లో. అంటే మొదటి ఆరేళ్లూ అసలు అధికారం ఉన్న గదిని అది తాకనేలేదు. శిక్షకుడు ప్రతి ఆదివారం కెమెరాల ముందు నిలబడతాడు కనుక అతని రంగు అందరికీ కనిపిస్తుంది. ఆ శిక్షకుణ్ణి నియమించే గది ఎవరికీ కనిపించదు. సంస్కరణలు కనిపించే చోటనే మొదలై అక్కడే అలసిపోతాయన్నది నా అభిప్రాయం.

మిల్లెన్ ఏలుబడి 2008 సెప్టెంబరు దాకా సాగింది. ఆ కాలంలో జట్టు గెలిచినవి 31, ఓడినవి 84. ఆయనను తొలగించిన ఆ సీజన్‌లోనే డెట్రాయిట్ ఆడిన 16 మ్యాచ్‌లూ ఓడింది. అటువంటి స్థితిలో, సీజన్ మధ్యలో, పగ్గాలు ఎవరికిచ్చారు? మార్టిన్ మేహ్యూకు. ఆయన నల్లజాతీయుడు, మాజీ ఆటగాడు, సూపర్ బౌల్ విజేత. పైగా జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివినవాడు. మిల్లెన్ వచ్చిన 2001లోనే డెట్రాయిట్ కార్యాలయంలో చేరి ఏళ్ల తరబడి ఆయన కింద పనిచేశాడు. అర్హత లేదని తానే చెప్పుకున్న వ్యక్తి పైన, న్యాయ పట్టభద్రుడు కింద. ఇల్లు తగలబడ్డాక తాళాలు చేతికిచ్చారు.

మేహ్యూ అద్భుతాలేమీ చేయలేదు. 2011లోనూ 2014లోనూ జట్టును ప్లేఆఫ్ దశకు చేర్చాడు. 2015లో వరుస ఓటముల నడుమ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అణగారిన వర్గాల నుంచి వచ్చినవారు మహాద్భుతాలు చేస్తేనే వారి నియామకం సమర్థనీయమవుతుందనే షరతును నేను అంగీకరించను. సగటు పనితనంతో ఒక పదవిలో కొనసాగే హక్కు కూడా సమానత్వంలో భాగమే. 84 ఓటముల దాకా ఒకరికి గడువిచ్చిన సంస్థను ఈ మాట అడగక తప్పదు.

2020లో లీగ్ మరో ఎత్తు వేసింది. తమ దగ్గర తయారైన మైనారిటీ అధికారిని వేరే జట్టు జనరల్ మేనేజర్‌గానో ప్రధాన శిక్షకుడిగానో తీసుకుపోతే, అతణ్ణి కోల్పోయిన జట్టుకు వరుసగా రెండేళ్లు మూడో రౌండులో ఒక్కొక్క అదనపు ఆటగాణ్ణి ఎంచుకునే అవకాశం ఇస్తామంది. 2021లో మేహ్యూ వాషింగ్టన్‌కు వెళితే శాన్ ఫ్రాన్సిస్కోకు లాభం కలిగింది. అదే ఏడాది, 2003లో రామ్స్ జట్టు ప్రచార విభాగంలో ఇంటర్న్‌గా చేరి స్కౌటింగ్ మెట్లన్నీ ఎక్కివచ్చిన బ్రాడ్ హోమ్స్‌ను జనరల్ మేనేజర్‌గా తీసుకున్నది మరెవరో కాదు, నాడు జరిమానా కట్టిన డెట్రాయిటే. 2024 జనవరిలో ఆ జట్టు, మూడు దశాబ్దాల తర్వాత మొదటిసారిగా, సూపర్ బౌల్‌కు ఒక్క మెట్టు దూరం దాకా వెళ్లింది.

మనిషి ఎదిగినందుకు అతని పాత యజమానికి బహుమానమివ్వడం నాకు నచ్చలేదు. అందులో వెనుకటి కాలపు అమ్మకాల వాసన ఉంది. అయినా ఈ నియమం ఒక విషయాన్ని సరిగ్గా పట్టుకుంది. అనుభవం అభ్యర్థి పుట్టుకతో తెచ్చుకునేది కాదు. ఒక సంస్థ ఒకరికి ఇచ్చేది, మరొకరికి ఇవ్వనిది. ఇంటర్వ్యూ గది తలుపు వద్ద ఎంత కాపలా పెట్టినా, ఆ అనుభవాన్ని పంచే కిందిగదుల్లో ఏం జరుగుతోందో చూడకపోతే ఇంటర్వ్యూ తంతుగా మారుతుంది. 2022 ఫిబ్రవరిలో బ్రయన్ ఫ్లోరెస్ అనే నల్లజాతి శిక్షకుడు లీగ్ మీద వేసిన దావాలో ప్రధాన ఆరోపణ ఇదే. ఎంపిక ముగిసిపోయాక, నియమం తీర్చడానికే తనను ఇంటర్వ్యూకు పిలిచారని ఆయన వాదన. ఆ రోజున 32 జట్లలో నల్లజాతి ప్రధాన శిక్షకుడు ఒక్కరే మిగిలారు.

ఇక మన సంగతి. 2024 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం సంయుక్త కార్యదర్శి, డైరెక్టర్, ఉప కార్యదర్శి స్థాయి పదవులు 45 నింపడానికి, బయటి రంగాల అనుభవజ్ఞులు కావాలని యూపీఎస్సీ ద్వారా ప్రకటన ఇచ్చింది. అందులో రిజర్వేషన్ లేదు. ఒక్కొక్కటీ ఏక పదవి కనుక వర్తించదన్నారు. నిరసనలు రాగా మూడు రోజుల్లోనే ప్రకటనను వెనక్కి తీసుకున్నారు. రిజర్వేషన్ లేని ప్రైవేటు రంగంలో సంపాదించిన అనుభవాన్ని అర్హతగా చూపి, రిజర్వేషన్ లేని దారిలో సచివాలయంలోకి రావడం. ఈ రెండంచెల వడపోతలో ఎవరు మిగులుతారో చెప్పడానికి జ్యోతిష్యం అవసరం లేదు.

విశ్వవిద్యాలయాలది ఇంతకన్నా సూక్ష్మమైన కథ. 2022లో యూజీసీ ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ అనే కొత్త ద్వారం తెరిచింది. తమ వృత్తిలో 15 ఏళ్ల అనుభవముంటే చాలు, పీహెచ్‌డీ అక్కరలేదు. ఈ నియామకాలు మంజూరైన పోస్టుల లెక్కలోకి రావు కనుక రోస్టర్ కూడా అంటదు. కంపెనీ అధికారి తరగతి గదికి రావడం మీద నాకు ద్వేషం లేదు, కొందరు బాగా చెబుతారు కూడా. కానీ మిల్లెన్ దారి మన దగ్గరా తెరుచుకుందని మాత్రం అర్థమైంది.

మరోవైపు, అదే విశ్వవిద్యాలయంలో గెస్ట్ అధ్యాపకురాలిగా పనిచేసిన ఏళ్లు అసోసియేట్ ప్రొఫెసర్ పదవికి కావలసిన 8 ఏళ్ల అనుభవంలోకి రావు. తాత్కాలిక సర్వీసును లెక్కించాలంటే ఆ కాలపు జీతం రెగ్యులర్ అధ్యాపకుల జీతానికి తగ్గకూడదని యూజీసీ 2018 నిబంధన. పీరియడుకింత అని ఇచ్చినవారే, ఆ తక్కువ జీతాన్నే కారణంగా చూపి, అది అనుభవం కాదంటారు.

కొన్నేళ్ల క్రితం ఒక విశ్వవిద్యాలయం అసోసియేట్ ప్రొఫెసర్ దరఖాస్తుల పరిశీలన సంఘంలో నేను సభ్యుణ్ణి. షెడ్యూల్డ్ కులాల ప్రతినిధిగా వేశారు. ఎస్సీలకు కేటాయించిన ఒక పోస్టుకు వచ్చిన దరఖాస్తుల్లో పదకొండేళ్లు పాఠం చెప్పిన ఒక మహిళది ఉంది. పీహెచ్‌డీ, ప్రచురణలు, విద్యార్థులు అన్నీ ఉన్నాయి. ఆమె చెప్పినవన్నీ గెస్ట్ ఏళ్లు. పట్టికలో అనుభవం గడి ఎదుట గుమస్తా సున్నా వేసి ఉంచాడు. నేను అభ్యంతరం చెప్పాను. నిబంధన పుస్తకం తెరిచి చూపించారు. నిబంధన వారు చెప్పినట్టే ఉంది. సాయంత్రం రైలు వేళవుతోంది. ‘అనర్హులు’ అని రాసిన కాగితం మీద మిగతావారితోపాటు నేనూ సంతకం చేశాను. ఆ పోస్టు ఖాళీగా మిగిలింది. ‘తగిన అభ్యర్థి లేరు’ అని రికార్డులో చేరింది. అభ్యర్థులు దొరకరు అనే వాక్యం ఎలా తయారవుతుందో ఆ రోజు దగ్గర నుంచి చూశాను, అందులో నా చెయ్యి కూడా ఉంది.

ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లోనూ అధ్యాపక నియామకాల మాట వచ్చినప్పుడల్లా చర్చంతా రోస్టర్ పాయింట్ల చుట్టూ తిరుగుతోంది. రోస్టర్ అవసరమే. దానితోపాటు విద్యార్థి సంఘాలు ఇంకో కాగితం కూడా అడగాలి. ప్రతి విభాగంలో గెస్ట్‌గా, పార్ట్‌టైమ్‌గా ఎవరు ఎన్నేళ్ల నుంచి పనిచేస్తున్నారు, వారిలో ఏ వర్గంవారు ఎందరు, వారి ఏళ్లలో ఎన్ని అనుభవంగా లెక్కించారు అన్న వివరం. నేను పరిశీలించిన ఆ ఒక్క పోస్టుకు సంబంధించి అది నా దగ్గరుంది: పదకొండేళ్లు, లెక్కించినవి సున్నా.