చెరసాలలో చనువు

గోల్కొండ కోటలో రామదాసు బందిఖానా చూసే ఉంటారు. గోడమీది దేవతామూర్తులు ఆయన చెక్కినవేనంటారు. భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న, సర్కారు సొమ్ము ఖర్చుచేశాడని తానీషా ఏలుబడిలో ఈ కోటలోనే బందీ అయ్యాడు. 12 ఏళ్లని ప్రతీతి.

చెరలో ఆయన పాడిన కీర్తనల్లో వేడుకోలుతోపాటు నిలదీత కూడా ఉంది. సీతమ్మకూ తమ్ములకూ చేయించిన నగల లెక్క రాముడికే అప్పజెప్పి నిష్ఠూరమాడాడు; దెబ్బలకు ఓర్వలేక అన్నానని మళ్లీ బతిమాలుకున్నాడు. వినేవాడు పక్కనే ఉన్నాడన్న ధీమా లేకపోతే అంత చనువు ఎక్కడిది? చెర తలుపు తెరుచుకోకముందే గోపన్నకు అభయం అందిందని నా నమ్మకం. కష్టంలో దేవుడిమీద అలగడం భక్తికి లోటు కాదు.

ఆస్పత్రి వరండాల్లో, అప్పుల రాత్రుల్లో దేవుడితో పోట్లాడుతూనే ఆయన్ను వదలని పాఠకుల ఉత్తరాలకు ఈ సంచికలో పెద్దపీట వేశాం.