దేహమును తినెడి చింత

చితకును చింతకును నడుమ నొక్క సున్నయే భేదమని మన పెద్దలందురు. ఆ మాటను నీతిగా వల్లించితిమే కాని, శరీరధర్మముగా మన మెన్నడును గ్రహింపలేదు. రాత్రి నిద్రపట్టదనియు, తల పగిలిపోవుచున్నదనియు, గుండె దడదడలాడుచున్నదనియు మొరపెట్టుకొను గుమాస్తాకు మన మిచ్చెడి సమాధానమేమి? "నీకు రోగమేమియు లేదు, అంతయు నీ మనస్సులోనే యున్నది" అని. మనస్సు దేహమును విడిచి వేరొక యింట కాపురమున్నట్లు మాటలాడుచున్నాము! ఈ భ్రమ తొలగనంతకాలము, మనుష్యుని అరుగదీయు పద్ధతులకు మనమందరము సాక్షులమే కాక సహాయులము కూడ నగుచుందుము.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున పనిచేసిన వాల్టర్ కానన్ అను శరీరశాస్త్రజ్ఞుడు, భయక్రోధములు దేహమున గలిగించు మార్పులను 1915లో ఒక గ్రంథమున వివరించెను. త్రోవలో పాము కనబడినదనుకొందము. మూత్రపిండములపై టోపీలవలె నమరియున్న చిన్న గ్రంథులు తత్క్షణమే అడ్రినలిన్ అను ద్రవ్యమును రక్తములోనికి వదలును. గుండె వేగము హెచ్చును. కాలేయము తన నిల్వలోని చక్కెరను విడుదల చేయును. కండరములకు రక్తము పరుగెత్తును, జీర్ణక్రియ మందగించును. పోరాడుటకో పారిపోవుటకో దేహము సన్నద్ధమైనదన్నమాట. ఇది వ్యాధి కాదు; ప్రాణరక్షణకై ప్రకృతి మన కొసగిన ఆయుధము. పాము పొదలోనికి జారిపోగానే దేహము మరల చల్లబడును.

కాని పాము పోకున్నచో? ఈ ప్రశ్నకు కెనడాలోని మాంట్రియల్ నగరమున హాన్స్ సెల్యె 1936లో సమాధానమిచ్చెను. ఆయన యెలుకలకు గ్రంథిసారము లెక్కించి, తానొక క్రొత్త హార్మోనును కనుగొంటినని మొదట తలచెను. తీరా చూడగా, ఫార్మలిన్ ఎక్కించినను, చలిలో నుంచినను, మితిమీరిన శ్రమ పెట్టినను ఫలిత మొక్కటియే: అడ్రినల్ గ్రంథు లుబ్బుట, రోగనిరోధమునకు తోడ్పడు థైమస్ గ్రంథి కృశించుట, పొట్టలో పుండ్లు పడుట. ఈ క్రమమున మూడవస్థలను ఆయన గుర్తించెను. మొదటిది కలవరము, రెండవది ఓర్పు, మూడవది పతనము. పాఠకులు రెండవ యవస్థను ప్రత్యేకముగ గమనింపవలెను. ఆ దశలో మనుష్యుడు ఆరోగ్యవంతునివలెనే కనబడును. యజమాని అతని సహనమును మెచ్చుకొనును, ఇంటివారు గర్వింతురు. కాని దేహము అప్పుచేసి సంసారము నడుపుచున్నదని అప్పటి కెవ్వరికిని తెలియదు.

ఆ అప్పు తీర్చుకొను విధము నేడు స్పష్టముగ తెలిసినది. మెదడు ఆజ్ఞచే ఆ గ్రంథులనుండియే వెలువడు కార్టిసోల్ అను హార్మోను దీర్ఘకాలము మితిమీరి యుండుటచే చక్కెర నిలకడ తప్పును, నిద్ర చెడును, జ్ఞాపకశక్తి తగ్గును, రోగనిరోధకశక్తి సన్నగిల్లును. 1991లో ఇంగ్లండున 394 మంది ఆరోగ్యవంతుల ముక్కులలో జలుబు కలిగించు సూక్ష్మజీవులను వేసి పరీక్షింపగా, మనోభారము హెచ్చుగా నున్నవారికే జలుబు హెచ్చుగా పట్టినది. 1995లో అమెరికాలో మరియొక పరీక్ష జరిగినది. మతిమరపు వ్యాధికి లోనైన ఆత్మీయులకు రేయింబవళ్లు సేవచేయుచున్న స్త్రీల చేతిపై చిన్న గాయము చేసి చూడగా, అది మానుటకు అట్టి భారము లేని స్త్రీలకంటె తొమ్మిదిదినము లధికముగ పట్టినది. చింత కేవలము తలపు కాదు. చర్మము మానుటలో తొమ్మిదిదినముల యాలస్యము!

న్యాయమునకై ఒకమాట చెప్పవలెను. సమస్తరోగములకును చింతయే మూలమనుట తప్పు. పొట్టపుండ్లు కేవలము వ్యాకులతవలననే వచ్చునని వైద్యులు చిరకాలము నమ్మిరి. వానిలో ననేకమునకు ఒక సూక్ష్మజీవి కారణమని ఆస్ట్రేలియాలో కనుగొన్న మార్షల్, వారెన్ అను వైద్యులకు 2005లో నోబెల్ బహుమానము లభించినది. కాబట్టి రోగికి పరీక్షలును మందును మానిపించి "మనస్సు కుదుటపరచుకొనుము" అని పంపివేయుటయు అపరాధమే.

ఇక నీ భార మెవరిపై నెక్కువ? "పదవి పెద్దదైనకొలది చింతయు పెద్దది" అని లోకము నమ్మకము. లండనులోని వైట్‌హాల్ ఉద్యోగులపై 1967లో మొదలిడిన పరిశోధన ఈ నమ్మకమును తలక్రిందులు చేసినది. ఒకప్పుడు మన దేశమునకు ఆజ్ఞలు వెడలుచుండిన ఆ వీధి కార్యాలయములలోని సుమారు 18,000 మంది పురుషులను పరిశీలింపగా, అట్టడుగు మెట్టుననున్న బంట్రోతులలో గుండెజబ్బు మరణములు పై యధికారులకంటె మూడురెట్లకు మించియుండెను. పొగత్రాగుట, రక్తపోటు మొదలగునవి ఈ వ్యత్యాసములో కొంతభాగమునే వివరించినవి. 1985లో మొదలిడిన రెండవ పరిశోధన మరియొక రహస్యమును బయటపెట్టినది: తన పనిపై తనకు స్వాధీనత లేనివానికి గుండెజబ్బు ముప్పు హెచ్చు. కావున మనుష్యుని కుంగదీయునది శ్రమ యొక్కటియే కాదు. పరాధీనతతో కూడిన శ్రమ.

"మా తాతలు ప్రొద్దుపొడుపునుండి ప్రొద్దుగ్రుంకువరకు దున్నలేదా?" అని కొందరడుగవచ్చును. దున్నిరి. కాని ప్రొద్దుగ్రుంకిన పిదప నాగలి వారి పడకగదిలోనికి రాలేదు. కోతలు ముగిసిన పిదప కొంత తెరపి యుండెను. నేటి ఉద్యోగి జేబులోని ఫోను అర్ధరాత్రియు అధికారి గొంతును మ్రోగించును. పాము పొదలోనికి పోవుట లేదు. తలగడక్రిందనే చుట్టచుట్టుకొని యున్నది.

ఇట్టి కాలమున, 2023లో, యువజనులు వారమునకు 70 గంటలు పనిచేయవలెనని ఒక ప్రముఖ వ్యాపారవేత్త హితవు పలికెను. ప్రపంచ ఆరోగ్యసంస్థయు, అంతర్జాతీయ కార్మికసంస్థయు 2021లో ప్రకటించిన లెక్క వేరుగ నున్నది. వారమునకు 55 గంటలు, అంతకు మించియు పనిచేయువారికి, 35 నుండి 40 గంటలు పనిచేయువారికంటె పక్షవాతపు ముప్పు 35 శాతమును, గుండెరక్తనాళ వ్యాధిచే మరణించు ముప్పు 17 శాతమును అధికమట. 2016వ సంవత్సర మొక్కటియందే దీర్ఘకాలపు పనివేళలతో ముడిపడిన ఈ మరణములు 7,45,000. అట్లుండ, 2025లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కర్మాగారములలో దినమునకు 9 గంటల గరిష్ఠపరిమితిని 10 గంటలకు పెంచుటకు నిర్ణయించినది. వారపు మొత్తము 48 గంటలే యని సమాధానము చెప్పవచ్చును. పెట్టుబడులు రావలసినదే, పరిశ్రమలు పెరుగవలసినదే. కాని ఆ పదవ గంట ఎవరి నిద్రనుండి, ఎవరి బిడ్డల ముచ్చటనుండి కోసి తెచ్చినదో లెక్కవేయు ఖాతా ఏ కచ్చేరిలో నున్నది?

నివారణోపాయము గూఢమైనది కాదు. యజమానులు ప్రాణాయామముపై ఉపన్యాసము లిప్పించుటకు ముందు, పనివానికి వేళయును, తన పనిని గూర్చి మాటచెప్పు హక్కును ఇయ్యవలెను. గొంతుపై కాలుంచి, శ్వాసను క్రమబద్ధము చేయుమనుట హాస్యాస్పదము. తలిదండ్రులు పరీక్షాఫలితమును బిడ్డ ప్రాణముతో తూచరాదు. ప్రతివాడును నిద్రను, నడకను, ఒక స్నేహితుని సాంగత్యమును సోమరితన మనుకొనక, దేహమున కీయవలసిన బాకీగా నెంచవలెను. భారము మోయరానిదైనపుడు ప్రభుత్వమువారు 2022లో నెలకొల్పిన 14416 సంఖ్యకు ఫోను చేసి, తెలుగుననే తన బాధ చెప్పుకొనవచ్చును. అందు సిగ్గుపడవలసినది లేదు.

కాడి దింపని యెద్దు కూలిపోవునని పల్లెటూరి పాలేరునకును తెలియును. ఎద్దునెడల మనము చూపు నీ మాత్రపు వివేకమును మనుష్యునియెడల జూపలేమా?