శాలువా లేని సభ

పోర్ట్‌లాండ్‌లో ‘లైవ్ వైర్’ అనే రేడియో షో 2004 నుంచి నడుస్తోంది. జనం ముందే రికార్డింగ్. కాసేపు కామెడీ, రచయితలతో కబుర్లు, పాట. మొన్న నాన్నని తీసుకెళ్లాను. జోకులు సగం ఆయనకి అందలేదు (నాకూ అన్నీ అందలేదు లెండి). ఒక రచయిత్రి వచ్చి కూర్చున్నారు. శాలువా లేదు, జ్యోతి ప్రజ్వలన లేదు, ఆవిడ గొప్పదనం మీద ముగ్గురి ప్రసంగాలు లేవు. హోస్టు నేరుగా పుస్తకంలో ఒక సన్నివేశం గురించి అడిగాడు. ఆవిడ చెబుతుంటే హాలంతా నవ్వింది, కాసేపటికి అదే హాలు నిశ్శబ్దమైపోయింది. ఆ వెంటనే గిటార్.

కార్లో నాన్న చాలాసేపు మాట్లాడలేదు. “ఆ అబ్బాయి పుస్తకం చదివొచ్చాడ్రా,” అన్నారు చివరికి.

నాన్న కథల సంపుటి ఆవిష్కరణకి వచ్చిన ముఖ్య అతిథి మైకు ముందే పేజీలు తిరగేసుకున్నాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ పుస్తకం నా అరలోనే ఉంది. పదకొండు కథల్లో నేను చదివినవి నాలుగు.