ఒకటో తారీఖు లేని ఇల్లు

ఉద్యోగం పురుషలక్షణం అన్నారు పెద్దలు. అన్నవారికి నెలజీతాలుండేవో, మాన్యాలుండేవో తెలియదుగాని, ఆ మాట పెళ్ళిసంబంధాల దగ్గర నుంచి బ్యాంకు అప్పుల దాకా ఇప్పటికీ చెల్లుబాటవుతూనే ఉంది. అందుచేత చేతిలో ఉన్న ఉద్యోగాన్ని తనంతట తానే వదులుకున్న మనిషిని చూస్తే లోకానికి రెండే సందేహాలు కలుగుతాయి. వీడికి లాటరీ అయినా తగిలి ఉండాలి, మతి అయినా చలించి ఉండాలి.

నేను 2022 జూన్‌లో ఉద్యోగం మానేశాను. లాటరీ తగల్లేదు. మతి సంగతి మా ఆవిణ్ణి అడగాలి.

బెజవాడలో ఒక ప్రైవేటు కంపెనీ లెక్కల విభాగంలో పదకొండేళ్ళు పని చేశాను. మానేసేనాటికి మా అబ్బాయికి ఆరేళ్ళు, అమ్మాయికి మూడేళ్ళు. ఇప్పుడు ఇంట్లోనే ముందు గదిలో బల్ల వేసుకుని చిన్న దుకాణదారుల చిట్టాలు రాస్తాను, వారి జీఎస్టీ రిటర్నులు వేస్తాను. ఈ ముక్క ఎప్పుడో ఈ శీర్షికలో అన్నందుకు, "మాకూ మానేయాలని ఉంది, పిల్లలు చిన్నవాళ్ళు, ఏం చెయ్యమంటారు?" అని కొందరు పాఠకులు అడుగుతున్నారు. మానేయమనడానికీ, వద్దనడానికీ నేనెవణ్ణి? మా ఇంట్లో జరిగిన చర్చా, వేసుకున్న లెక్కా చెబుతాను. మీ ఇంటికి పనికివచ్చినంత పుచ్చుకోండి.

సంగతి చెప్పగానే మా ఆవిడ ఏడవలేదు, కేకలూ వెయ్యలేదు. "మనిద్దరం చారన్నం తినైనా బతుకుతామండీ. పిల్లల దగ్గర మాత్రం మూడింటి జోలికి పోకూడదు. పాలు, బడి జీతం, డాక్టరు. ఈ మూడూ ఎక్కణ్ణుంచి వస్తాయో కాగితం మీద వేసి చూపించండి. ఆ తరవాత రాజీనామా రాసుకోండి" అంది. పదకొండేళ్ళ సర్వీసులో మా మేనేజరు కూడా నన్నంత సూటిగా లెక్క అడగలేదు.

డాక్టరుతో మొదలుపెట్టాం. కంపెనీ పెట్టిన ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోతుంది. కొత్తగా సొంత పాలసీ తీసుకుంటే, ప్రమాదాలకు తప్ప జబ్బులకు సాధారణంగా మొదటి 30 రోజులు చెల్లించరు. ముందునుంచీ ఉన్న జబ్బులకైతే 36 నెలల దాకా ఆగమనవచ్చు. 2024కు ముందు ఆ గడువు 48 నెలలు ఉండేది. అందుచేత ఉద్యోగంలో ఉండగానే సొంత పాలసీ తీసుకున్నాం. రెండు నెలలు రెండు బీమాలూ నడిచాయి. "డబ్బు దండగ కదా వదినా" అన్నాడు మా తమ్ముడు. "ఇల్లంటుకున్నాక నుయ్యి తవ్వడం ఇంకా దండగ" అంది ఆవిడ. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి సొంత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ ఎత్తేశారు గనుక, ఇప్పుడు తీసుకునేవారికి ఆ మేరకు కొంత వెసులుబాటు.

పాలకూ, బడికీ ఆరు నెలల ఇంటిఖర్చు విడిగా బ్యాంకులో వేశాం. అది కూడబెట్టడానికి రెండేళ్ళు పట్టింది. దానికి తోడు గ్రాట్యుటీ వచ్చింది. ఈ గ్రాట్యుటీ సంగతి చాలామంది కుర్రవాళ్ళకు తెలియదు. 1972 నాటి చట్టంలో పెట్టిన లెక్క ఇది. స్థిరోద్యోగి అయిదేళ్ళ సర్వీసు నిండాక మానేస్తే, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఇవ్వాలి. నెలను 26 రోజులుగా లెక్కగడతారు. మూలవేతనం, కరవుభత్యం కలిపి 26,000 రూపాయలనుకోండి. ఏడాదికి 15,000, పదకొండేళ్ళకు 1,65,000. నాలుగేళ్ళకే విసిగి రాజీనామా విసిరేసేవాడు ఈ సొమ్ము వదులుకుని వస్తున్నాడన్నమాట. అలాగే ఉద్యోగుల పింఛను పథకంలో పదేళ్ళ సర్వీసు ఉంటే 58వ ఏట నెలనెలా పింఛను వస్తుంది. తొమ్మిదో ఏట ఉన్నవాడికి కోపం వస్తే, ఆ కోపాన్ని ఒక ఏడాది అటకమీద పెట్టుకోవడం మంచిది.

ఇక రాబడి. జీతం కాలవ నీరు లాంటిది, వంతు ప్రకారం వస్తుంది. సొంత పని వాననీరు. ఒక నెల 40,000 వచ్చేది, మరుసటి నెల 9,000. నలభై వచ్చిన నెల మిఠాయిపొట్లాలు, తొమ్మిది వచ్చిన నెల మొహాలు వేలాడెయ్యడం పిల్లలున్న ఇంట్లో పనికిరాదు. అందుకని మా ఆవిడ ఒక కట్టుబాటు చేసింది. వచ్చిన ప్రతి రూపాయీ పని ఖాతాలోనే పడాలి. ఒకటో తారీఖున అందులోంచి 22,000 మాత్రం ఇంటి ఖాతాకు మళ్ళాలి. ఎక్కువ వచ్చిన నెల మిగిలింది అక్కడే ఉంటుంది, తక్కువ వచ్చిన నెల అదే ఆదుకుంటుంది. అలా మా ఇంటికి పోయిన ఒకటో తారీఖు తిరిగి వచ్చింది.

పని దొరకడం కంటే డబ్బు రాబట్టడం కష్టం. ఆ దుకాణదారులు మంచివారే. అడిగితే "రేపు పంపిస్తాను గురువుగారూ" అంటారు. ఆ రేపటికి తిథీ వారమూ ఉండవు. బడివారి రేపటికి మాత్రం తారీఖు ఉంటుంది, ఆలస్యమైతే జరిమానా కూడానూ. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం మనవంటి వారికి కొంత దన్ను. సూక్ష్మ, చిన్న సంస్థకు ఇవ్వవలసిన బాకీని, రాతకోతలుంటే ఆ గడువులోగా, ఎలా చూసినా 45 రోజులు దాటకుండా, ఏ రాతా లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే వడ్డీ. ఇందుకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 జూలై 1 నుంచి నడుస్తున్న ఈ నమోదుకు రుసుము లేదు. నేను ఎవరిమీదా ఫిర్యాదుకు పోలేదు. బిల్లు అడుగున ఆ గడువు అచ్చు వేయించాను. రేపులు కొన్ని తగ్గాయి.

పిల్లల మాటకొస్తే, నాన్న ఇంట్లో ఉండడం వేరు, నాన్న దొరకడం వేరు. నెలవారీ జీఎస్టీ రిటర్నుకు 20వ తారీఖు గడువు. పద్దెనిమిది నుంచి నేను గదిలోంచి బయటికి రాను. తలుపు మీద తువ్వాలు వేలాడుతుంటే నాన్న ఆఫీసులో ఉన్నాడని గుర్తు. మా అమ్మాయికి అంకెలు రాకముందే ఇరవయ్యో తారీఖు వచ్చు. ఇరవయ్యొకటిన సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీదికి షికారు. ఆ రోజు వాన పడినా సరే ఆమెకు బాకీ తీర్చవలసిందే. ఆమె దగ్గర 45 రోజుల గడువులు చెల్లవు.

లాభమూ ఉంది. బడి గంట కొట్టే వేళకు గేటు దగ్గర ఉండగలుగుతున్నాను. బిడ్డకు జ్వరమొస్తే సెలవు చీటీ రాయనక్కర్లేదు. ఆ రోజు సంపాదనా ఉండదు, అది వేరే సంగతి. ఒకసారి బడివారి కాగితంలో తండ్రి ఉద్యోగం అన్నచోట ఏం రాయాలని మా అబ్బాయి అడిగాడు. "సొంత పని" అని రాయమన్నాను. "అయితే బాస్ ఎవరు?" అన్నాడు. నేను తడుముకునేలోగా వంటింటి వైపు చూసి వాడే నవ్వేశాడు.

వాడి మాటలో నిజముంది. ఫోన్లు పలికేది, రసీదులు వరసలో పెట్టేది, వచ్చినవారికి కాఫీ ఇచ్చేది మా ఆవిడే. ఇంటిపని కింద కలిసిపోతే ఆ శ్రమ ఎవరి లెక్కలోకీ రాదు. అందుకని పని ఖాతాలోంచి నెలకు 5,000 ఆవిడ సొంత ఖాతాలో వేస్తున్నాం. లెక్కలు రాసి బతికేవాడి ఇంట్లో ఆ పద్దు లేకపోతే ఎలా?

మన తెలుగువారిలో ఈ దారికి పెద్దదిక్కు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. మొదట ఇతరుల కొలువులో పని నేర్చి, 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించారు. ఆ రాబడే తరవాత 1908లో ఆంధ్రపత్రికకు ఊతమైంది. అందరం పంతులుగార్లం కాలేం. అయితే ముందు ఒకరి దగ్గర పని నేర్చి ఆ తరవాత సొంతం పెట్టుకోవడమన్న వరస మనకూ వర్తిస్తుంది.

చివరి షరతు కూడా మా ఆవిడ పెట్టిందే. 18 నెలల్లో రాబడి ఇంటిఖర్చును అందుకోకపోతే నేను మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవాలి, అందులో నామోషీ పడకూడదు. పధ్నాలుగో నెలనుంచి ఖర్చుకు సరిపడా రావడం మొదలైంది. రాకపోయి ఉంటే నిజంగానే దరఖాస్తులు పెట్టేవాణ్ణి. తిరిగి వెళ్ళే దారి ముందే ఒప్పుకుని బయలుదేరినవాడికి రాత్రి నిద్ర పడుతుంది. ఇంటాయనకు నిద్ర పడితే పిల్లలకూ పడుతుంది.

కనుక ఉద్యోగం వదిలేది మీరైనా, మీ వారైనా, ముందు ఒక కాగితం తీయండి. పాలు, బడి జీతం, డాక్టరు అని మూడు వరసలు రాసి ఎదురుగా అంకెలు వెయ్యండి. దాన్ని ఇంట్లో రెండోవారి చేతికివ్వండి. వారు చదివి, మారుమాట్లాడకుండా దాచుకున్నారా, మీ పని సగం అయినట్టే. ప్రశ్నలు అడిగారా, ఇంకా మంచిది. జవాబులు దొరికేదాకా ఆఫీసుకు వేళకు వెళ్ళి వస్తూ ఉండండి.