రాష్ట్రపతి అభ్యర్థికి ఎన్నేళ్ళ రాజకీయ అనుభవం కావాలి?

రాష్ట్రపతి ఎన్నిక వచ్చిన ప్రతిసారీ రెండు రకాల విమర్శలు వింటాం. రాజకీయ నాయకుణ్ణి నిలబెడితే "పార్టీ మనిషి" అంటారు. బయటి వ్యక్తిని నిలబెడితే "ఆయనకు రాజకీయం ఏం తెలుసు?" అంటారు. 2002లో ఎన్నికల రాజకీయాలతో సంబంధం లేని అబ్దుల్ కలాం రాష్ట్రపతి అయ్యారు. సరిగ్గా పదేళ్ళకు, 1969 నుంచి ఢిల్లీ రాజకీయాల్లో ఉన్న ప్రణబ్ ముఖర్జీ అదే కుర్చీలోకి వచ్చారు. ఇంతకీ ఈ పదవికి రాజకీయ అనుభవం ఎంత అవసరం?

రాజ్యాంగం ఏమంటుందో ముందు చూద్దాం. 58వ అధికరణ ప్రకారం అభ్యర్థి భారత పౌరుడై ఉండాలి, 35 ఏళ్ళు నిండాలి, లోక్‌సభకు ఎన్నికయ్యే అర్హత ఉండాలి, లాభదాయక పదవిలో ఉండకూడదు. అంతే. చిన్న గుమాస్తా ఉద్యోగానికి కూడా అర్హతల చిట్టా ఇచ్చే దేశంలో, అత్యున్నత పదవికి అనుభవం గురించి ఒక్క మాట కూడా లేదు.

దీనికి కారణం ఆ పదవి స్వభావంలోనే ఉంది. అమెరికా అధ్యక్షుడు స్వయంగా ప్రభుత్వాన్ని నడుపుతాడు. మన రాష్ట్రపతి 74వ అధికరణ ప్రకారం మంత్రిమండలి సలహా మేరకు నడుచుకోవాలి. 1976లో 42వ సవరణ ఈ సంగతిని స్పష్టంగా రాసింది. 1978లో 44వ సవరణ, ఒకసారి పునఃపరిశీలనకు పంపే వీలు కల్పించింది. ఇంజనీరింగ్ చదివిన అలవాటు కొద్దీ నాకు ఈ పదవి ఇంట్లో ఫ్యూజులా కనిపిస్తుంది. ఇల్లు నడిపేది ఫ్యూజు కాదు. అయితే లోడు మితిమీరిన రోజున అది పనిచేయకపోతే ఇల్లే కాలిపోతుంది.

ఆ రోజున ఏళ్ళ అనుభవం ఎంతవరకు పనికొచ్చిందో మన చరిత్రే చెబుతుంది.

ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ స్వాతంత్ర్యానికి ముందే అస్సాంలో మంత్రిగా పనిచేశారు, తర్వాత కేంద్ర మంత్రి అయ్యారు. అనుభవానికి కొదవ లేదు. కానీ 1975 జూన్ 25 రాత్రి, కేబినెట్ సమావేశం కూడా జరగకముందే అత్యవసర పరిస్థితి ప్రకటనపై సంతకం చేశారు. కేబినెట్ ఆమోదం మర్నాడు పొద్దున వచ్చింది. కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా అందాలన్న షరతును 352వ అధికరణలో తర్వాత చేర్చాల్సి వచ్చింది.

మన నీలం సంజీవరెడ్డి ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, లోక్‌సభ స్పీకర్. 1979 ఆగస్టులో చరణ్ సింగ్ సభ విశ్వాసం కోరకుండానే రాజీనామా చేసినప్పుడు, జగ్జీవన్ రామ్‌కు అవకాశం ఇవ్వకుండా ఆయన లోక్‌సభను రద్దు చేశారు. అది సరైనదేనా అన్న చర్చ ఇప్పటికీ తెగలేదు. అంతటి అనుభవం కూడా ఆ నిర్ణయాన్ని వివాదానికి అతీతం చేయలేకపోయింది.

అయితే రాజకీయాలకు బయటివారే మేలనుకుంటే అదీ పొరపాటే. 2005 మేలో కలాం మాస్కోలో ఉండగా బీహార్ శాసనసభ రద్దు సిఫారసు వచ్చింది. ఆయన అక్కడి నుంచే సంతకం చేశారు. ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు రామేశ్వర్ ప్రసాద్ కేసులో తేల్చింది. గవర్నర్ నివేదికల వెనుక ఉండే రాజకీయం తెలిసినవారైతే ఒక రోజు ఆగేవారేమో. అదే కలాం 2006లో లాభదాయక పదవుల బిల్లును వెనక్కి పంపారు. పార్లమెంటు మార్పు లేకుండా మళ్ళీ ఆమోదించాక, రాజ్యాంగం చెప్పినట్టే సంతకం చేశారు.

ఇక కె.ఆర్. నారాయణన్. విదేశాంగ సర్వీసులో దశాబ్దాలు గడిపి, 1984లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ తర్వాత కేంద్రంలో సహాయ మంత్రి, ఉపరాష్ట్రపతి. రాష్ట్రపతిగా 1997లో ఉత్తరప్రదేశ్‌లో, 1998లో బీహార్‌లో రాష్ట్రపతి పాలన పెట్టాలన్న సిఫారసులను తిప్పి పంపారు. మొదటిది గుజ్రాల్ ప్రభుత్వం పంపింది, రెండోది వాజ్‌పేయి ప్రభుత్వం పంపింది. కూటమి ఏదైనా ఆయన చూసింది ఫైలులోని కారణాలనే.

ఈ ఉదాహరణల నుంచి నాకు అర్థమైంది ఇదీ. ఈ పదవికి రెండు కావాలి. ఒకటి, ప్రభుత్వ యంత్రాంగం లోపలి నుంచి ఎలా నడుస్తుందో తెలియడం. అది రాజకీయాల్లోనే రానక్కర్లేదు. దౌత్యం, న్యాయస్థానం, పరిపాలన, శాస్త్ర సంస్థలు కూడా నేర్పగలవు. రెండోది, తనను నిలబెట్టినవారికి "ఇంకోసారి ఆలోచించండి" అని చెప్పగల స్వేచ్ఛ. ఇది ఏళ్ళ లెక్కకు అందదు. పైగా సుదీర్ఘ పార్టీ జీవితం మొదటిదాన్ని పెంచుతూ రెండోదాన్ని అరగదీసే ప్రమాదం ఉంది.

కాబట్టి అభ్యర్థి పేరు బయటికి రాగానే మనం అడగాల్సింది "ఎన్నిసార్లు గెలిచారు?" అని కాదు. ఇంతకుముందు ఏ పదవిలో ఉన్నా, పైవారి మాట తప్పనిపించినప్పుడు కాగితం మీద అభ్యంతరం రాసిన దాఖలా ఉందా అని. ఎన్నిక తర్వాత ఆ సంగతి తెలుసుకుందామంటే ఆలస్యమవుతుంది, ఎందుకంటే రాష్ట్రపతికి అలాంటి పరీక్ష ఐదేళ్ళలో ఏ రెండుసార్లో వస్తుంది, అదీ ఏ అర్ధరాత్రో వస్తుంది.

మెయిన్స్‌లో ఈ ప్రశ్న వస్తే అధికరణలు అందరం రాస్తాం. ఒక్క సంగతి మాత్రం మర్చిపోవద్దు. రాష్ట్రపతి బల్ల మీదికి వెళ్ళే ఫైలు కింద ఎక్కడో ఒక అధికారి నోట్‌తో మొదలవుతుంది. రేపు ఆ నోట్ రాసేవాళ్ళలో మనం కూడా ఉండొచ్చు. అభ్యర్థిని అడిగే ఆ ప్రశ్న అప్పుడు మనకూ వర్తిస్తుంది.