చెస్ కోసం ఖరీదైన ఫోన్ కొనాలా? ‘డెప్త్’ నంబర్ వెనక అసలు లెక్క ఇదీ

‘మా వాడు చెస్ బాగా ఆడుతున్నాడు, ఇంజిన్ ఎక్కువ డెప్త్ వెళ్లే ఫోన్ చెప్పండి’ అని అడిగే తల్లిదండ్రులు పెరిగారు. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబర్ ఫిడే లిస్టులో 2800 రేటింగ్ దాటాక ఏ ఇంట్లోనైనా ఆ ఆశ పుట్టడం సహజం. కానీ మా మాట సూటిగా వినండి: కేవలం చెస్ ఇంజిన్ కోసమైతే 40 వేల ఫోన్ దండగ. 12 వేలది చాలు.

ఎందుకో చూద్దాం. డెప్త్ అంటే ఇంజిన్ ఎన్ని ఎత్తులు ముందుకు చూస్తుందన్నది. మీరు ఒకటి, అవతలివాళ్లు ఒకటి వేస్తే డెప్త్ రెండు. ఇది భద్రాచలం నుంచి చర్ల వైపు అడవి దారిలో రాత్రిపూట బండి హెడ్‌లైట్ లాంటిది. లైట్ పది అడుగులే పడితే గుంతలో పడతాం. అలాగే డెప్త్ మరీ తక్కువైతే ఇంజిన్ బంటు దొరికిందని ఆశపడుతుంది, తర్వాతి ఎత్తులో మంత్రి పోతుందని దానికి కనబడదు. లైట్ వంద అడుగులు పడితే హాయిగా వెళ్లొచ్చు. అదే కిలోమీటరు దూరం పడితే? అంత తేడా ఏమీ ఉండదు.

చెస్‌లోనూ అంతే. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ 1980ల మొదట్లోనే తన చెస్ మెషీన్‌ని వేరువేరు డెప్త్‌లలో దానితోనే ఆడించి చూశారు. ఒక్కో డెప్త్‌కీ రేటింగ్ సుమారు 200 పాయింట్లు పెరిగింది. కానీ పైకి వెళ్లేకొద్దీ ఆ లాభం తగ్గుతూ వచ్చింది. ఖర్చు మాత్రం తగ్గదు. పనికిరాని దారుల్ని ఎంత కత్తిరించినా, ఒక్క డెప్త్ పెరగాలంటే ఇప్పటి ఇంజిన్‌కీ పని ఇంచుమించు రెట్టింపవుతుంది. అంటే నాలుగు రెట్లు స్పీడున్న ఫోన్ కొన్నా అదే టైమ్‌లో వచ్చేది మహా అయితే రెండు మూడు డెప్త్‌లు.

ఇంకో లెక్క చూడండి. 1997లో కాస్పరోవ్‌ని ఓడించిన డీప్ బ్లూ సెకనుకు దాదాపు 20 కోట్ల పొజిషన్లు చూసేది. 2009లో బ్యూనస్ ఎయిర్స్ టోర్నమెంట్‌లో పాకెట్ ఫ్రిట్జ్ 4 అనే ప్రోగ్రామ్ ఒక హెచ్‌టీసీ ఫోన్ మీద ఆడింది. సెకనుకు 20 వేల పొజిషన్లు కూడా చూడకుండానే 10 గేముల్లో 9.5 పాయింట్లు కొట్టింది! పదిహేనేళ్ల కిందటి ఫోన్ అది. లోతుతో పాటు ‘ఈ పొజిషన్ బాగుందా లేదా’ అని బేరీజు వేసే తెలివీ ముఖ్యమని దీన్నిబట్టే తెలుస్తుంది. 2020లో స్టాక్‌ఫిష్ 12లోకి న్యూరల్ నెట్‌వర్క్ వచ్చాక ఆ తెలివి మరింత పెరిగింది. ఆ అప్‌డేట్ ఫ్రీ, ఫోన్ మార్చక్కర్లేదు.

ఇంకో మాట. ఒక ఇంజిన్ చూపే డెప్త్ 20, ఇంకో ఇంజిన్ డెప్త్ 20 ఒకటి కావు. ఏ దారిని ముందే వదిలేయాలి, ఏ దారిని ఇంకా లోతుగా చూడాలి అన్నది ఒక్కోటి ఒక్కోలా తేలుస్తుంది. కాబట్టి రెండు యాప్‌ల నంబర్లు పక్కపక్కన పెట్టి ఇదే గొప్ప అనకండి.

ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచు ఊళ్లలో ఉండేవాళ్లు చూడాల్సినవి వేరే. ఒకటి, సిగ్నల్. డ్రాయిడ్‌ఫిష్ లాంటి యాప్‌లో ఇంజిన్ ఫోన్‌లోనే నడుస్తుంది, నెట్ లేకపోయినా ఫర్వాలేదు. రెండు, ఎండ. మే నెలలో కొత్తగూడెం ఎండకి ఇంజిన్‌ని గంటసేపు ఆపకుండా నడిపితే ఎంత గొప్ప చిప్ అయినా వేడెక్కి స్పీడ్ తగ్గించుకుంటుంది. బ్యాటరీ పెద్దది చూసుకోండి, సెట్టింగ్స్‌లో థ్రెడ్స్ రెండుకి తగ్గించండి, డెప్త్ 20 దగ్గర ఆపేయండి.

ఆ డెప్త్‌లోనే ఇంజిన్ పిల్లల్నే కాదు, గ్రాండ్‌మాస్టర్లనీ ఓడిస్తుంది. ఇంకా లోతుకి వెళ్లి అది చెప్పే ఎత్తు ఎందుకు మంచిదో పిల్లాడికి అర్థం కాకపోతే ఏం లాభం? మిగిలిన 28 వేలతో ఒక మంచి చెస్ బోర్డు, రెండు పుస్తకాలు కొనండి. ఏడాది పొడుగునా టోర్నమెంట్లకి తిరిగే బస్సు చార్జీలకీ వస్తాయి. పిల్లాడి డెప్త్ పెరిగేది అక్కడే.